భీమిలి రోడ్డెక్కే ముందు ఒక్కసారి ఇది చదువు బుజ్జీ

బుజ్జీ,

మీ అమ్మ నిన్న ఫోన్ చేసి చెప్పింది, సైకిల్ కొన్నావంట కదా, డిసెంబర్ సెలవులకి నువ్వూ నీ ఫ్రెండూ వైజాగ్ వచ్చి బీచ్ రోడ్డు పట్టుకుని భీమిలి దాకా, కుదిరితే ఇంకా ముందుకి కూడా తొక్కుతారంట. మీ అమ్మ నన్ను వద్దని చెప్పమంది, నేను చెప్పను, రావే తల్లీ, కానీ ఫోన్లో చెప్తే సగం వింటావు సగం మర్చిపోతావు అని ఇలా రాస్తున్నా. పన్నెండేళ్ళకి పైగా ఈ రోడ్డులో తొక్కుతున్నా, షుగర్ వచ్చిందని డాక్టర్ నడవమంటే నడక విసుగొచ్చి సైకిల్ ఎక్కినదాన్ని, ఇందులో ఏ మలుపులో కుక్కలుంటాయో కూడా నాకు తెలుసు.

అన్నిటికంటే ముందు గాలి సంగతి. హైదరాబాద్‌లో తొక్కేవాళ్ళకి ఎత్తులే కష్టం అనిపిస్తుంది, ఇక్కడ ఎత్తులు పెద్ద లెక్కలోవి కావు, గాలే అసలు కొండ. మన తీరం వైజాగ్ నుంచి ఈశాన్యం వైపుకి పోతుంది కదా, గాలి కూడా ఏడాదిలో ఎక్కువ రోజులు ఆ లైన్లోనే వీస్తుంది, ఎండాకాలం అంతా దక్షిణం, నైరుతి నుంచి, చలికాలం ఈశాన్యం నుంచి. అంటే ఏప్రిల్‌లో భీమిలి వెళ్ళేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంది, వచ్చేటప్పుడు మొహం మీద కొడుతుంది. మీరు వచ్చేది డిసెంబర్ కాబట్టి దీనికి రివర్స్, వెళ్ళేటప్పుడు కాస్త ఎదురుగాలి, తిరిగి వచ్చేటప్పుడు సుఖం. అలిసిపోయాక గాలి సాయం చేస్తుంది కాబట్టి కొత్తవాళ్ళకి ఇదే మంచి సీజన్. పొద్దున్న గాలి నెమ్మదిగా ఉంటుంది, ఎండ ఎక్కేకొద్దీ సముద్రం మీద నుంచి మొదలై తొమ్మిది పది అయ్యేసరికి బలం అందుకుంటుంది.

ఇది నాకెలా తెలిసిందో కూడా చెప్తా విను. మొదటి ఏడాది ఏప్రిల్‌లో ఒక ఆదివారం ఆరింటికి బయల్దేరా, ఎనిమిదింటికల్లా భీమిలిలో ఉన్నా, కాళ్ళు అస్సలు నొప్పి లేవు, నాకెంత బలం వచ్చేసిందో అనుకుని పొంగిపోయి గోస్తనీ నది వంతెన దాటి కంచేరు వైపు ఇంకా ముందుకి పోయా. బలం నాది కాదే, గాలిది. పదింటికి వెనక్కి తిప్పానా, అంతే, ఇరవై మీద పోయే సైకిల్ పదికి పడిపోయింది, ఇసుక కళ్ళల్లో కొడుతోంది, రెండు బాటిళ్ళ నీళ్ళూ అయిపోయినయ్. దానికితోడు రోడ్డు మీద పడున్న వల దారం ముక్క, ఆ నైలాన్ది, వెనక చక్రంలో ఫ్రీవీల్‌కీ, అదే చైన్ తిరిగే పళ్ళ చక్రానికీ, ఇరుసుకీ మధ్య చుట్టుకుని బిగిసిపోయింది, పెడల్ కదల్లేదు. చేపలు పట్టే జాలారి వాళ్ళ ముసలమ్మ ఒకావిడ పక్కనే రోడ్డు మీద మెత్తళ్ళ చేపలు ఆరబోస్తోంది, అడ్డపొగ నోట్లోనే ఉంది, చుట్ట వెలిగిన కొస లోపలికి పెట్టుకుని కాలుస్తారు చూడు, అలా. నా అవస్థ చూసి కొడవలి పట్టుకొచ్చి కూలబడి, నేను చక్రం నెమ్మదిగా వెనక్కి తిప్పుతుంటే ఒక్కో చుట్టూ కొడవలి కొసతో తెంపి తీసింది, పావుగంట పట్టింది. చుట్ట పక్కకి తీసి అప్పుడు అంది, "గాలి సూసుకోకుండా వచ్చీసినావేటమ్మా, తాటాకులు సూడు ఎటు తిరిగున్నాయో" అని. చూశా. తాటిచెట్లన్నిటి ఆకులూ భీమిలి నుంచి ముందుకి, పొద్దున్న నేను వెళ్ళిన వైపుకే తోసుకుని ఉన్నాయి, పొద్దున్నించీ ఆ చెట్ల కిందనుంచే వచ్చా, ఒక్కసారి తల ఎత్తలేదు. ఆ రోజు భీమిలి దాకా ఈడ్చుకొచ్చి అక్కణ్ణించి గూడ్స్ ఆటోలో ఇంటికి చేరా.

అప్పట్నుంచి బయల్దేరే ముందు తాటాకులు చూస్తా, గుడి మీద జెండా ఉంటే జెండా చూస్తా. నువ్వూ చూడు. గాలి వెనక నుంచి ఉన్న రోజు మొత్తం ఎంత తొక్కగలవు అనుకుంటున్నావో అందులో మూడో వంతు దగ్గరే వెనక్కి తిరుగు, ఎంత ఉత్సాహంగా ఉన్నా సరే.

ఇక దారి. ఆర్కే బీచ్ దగ్గర మొదలుపెట్టండి, పొద్దున్నే వాకింగ్ వాళ్ళ కోసం అక్కడ కాసేపు బళ్ళు ఆపేస్తారు, ఆ టైములో సైకిల్ తొక్కడం ఒక భోగం, కానీ పిల్లలు, ముసలివాళ్ళు అడ్డం వస్తారు కాబట్టి నెమ్మదిగానే పోండి. డిసెంబర్‌లో సూర్యుడు ఆరుంబావు దాటాకే వస్తాడు, ఐదున్నరకి ఎక్కితే ఒడ్డున మ్యూజియంగా పెట్టిన కుర్సురా సబ్‌మెరైన్ దాటేటప్పటికి ఇంకా చీకటే ఉంటుంది, ముందు లైటు వెనక ఎర్ర లైటు రెండూ వెలగాలి. ఆ సబ్‌మెరైన్ 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసింది, సాయంత్రం తీరిగ్గా లోపలికెళ్ళి చూడండి, పొద్దున్న మాత్రం ఆగొద్దు, పొద్దున్న గంట సాయంత్రం మూడు గంటలతో సమానం.

అప్పూఘర్ దాటాక కైలాసగిరి కొండ సముద్రంలోకి వచ్చినట్టు ఉంటుంది, రోడ్డు దాని నడుము చుట్టూ తెన్నేటి పార్కు మీదుగా ఎక్కి దిగుతుంది. మొదటి ఎత్తు ఇదే, గేరు ముందే తగ్గించుకో, ఎత్తు మధ్యలో బలంగా తొక్కుతూ గేరు మారిస్తే చైన్ పడిపోతుంది. ఎడమ పక్క కొండ, కుడి పక్క కింద బండల మీద అలలు, సూర్యుడు సరిగ్గా ఆ టైముకి పైకొస్తాడు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఈ కొండ మీద చెట్లన్నీ విరిగి బోడి అయిపోయింది, ఆ తర్వాత వారానికి నేను ఇటు వచ్చి కొండని గుర్తుపట్టలేక ఏడ్చా. ఇప్పుడు మళ్ళీ పచ్చబడింది, దాన్ని చూసినప్పుడల్లా నాకు ఇంట్లో మనిషికి జ్వరం తగ్గినట్టు ఉంటుంది.

జోడుగుళ్ళపాలెం, సాగర్‌నగర్ మామూలే, రుషికొండ ముందు ఇంకో ఎత్తు, గీతం యూనివర్సిటీ దాటితే ట్రాఫిక్ తగ్గుతుంది. రుషికొండలో ఎంత ఉక్కపోసినా నీళ్ళల్లోకి లోతుగా దిగొద్దు, మన తీరంలో అల వెనక్కి లాగే లాగుడు మోకాలి లోతులో కూడా పడేస్తుంది, ప్రతి ఏడాదీ చదువుకునే పిల్లలు పోతున్నారు. ఈ ఒక్క విషయంలో నేను పెద్దరికం చూపిస్తా, దిగొద్దు అంటే దిగొద్దు.

తర్వాత మంగమారిపేట. కుడి పక్క ఇసుకలో సముద్రం తొలిచిన రాతి తోరణం ఉంది, నీళ్ళు తగ్గినప్పుడే దగ్గరికి పోగలం. ఎడమ పక్క తొట్లకొండ, దాదాపు 128 మీటర్ల ఎత్తు, ఓపిక ఉంటే ఎక్కండి, లేకపోతే సైకిల్ నడిపించుకుంటూ వెళ్ళినా తప్పు లేదు. బౌద్ధ భిక్షువులు వానాకాలం ఉండడానికి కట్టుకున్న చోటు, రాతిలో తొలిచిన నీళ్ళ తొట్లు ఉన్నాయి కాబట్టే ఆ పేరు, 1988 నుంచి తవ్వి బయటపెట్టారు. పైన స్తూపం దగ్గర నిలబడితే మీరు తొక్కొచ్చిన రోడ్డంతా తాడులా కనిపిస్తుంది, ఆ భిక్షువులు చోటు ఎంచుకోవడంలో ఎంత తెలివైనవాళ్ళో అక్కడే అర్థమవుతుంది. దిగేటప్పుడు బ్రేకులు నొక్కి పట్టుకుని ఉండకు, నొక్కి వదులు, నొక్కి వదులు, ముందు వెనక రెండూ కలిపి.

నేవీ వాళ్ళ స్థావరం ఐఎన్ఎస్ కళింగ దాటాక ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్ళ పాటు సముద్రపు ఇసుక గాలికి కొట్టుకొచ్చి పోగుపడి, అందులో ఇనుము తుప్పు పట్టి ఎర్రబడింది, ఇలాంటివి మనదేశంలో ఇంకా తమిళనాడులో, అటు శ్రీలంకలో తప్ప దక్షిణాసియాలో కనపడవు. లోపల వాగుల్లాంటి సందులు చూస్తే సైకిల్ దింపాలని ఎవరికైనా అనిపిస్తుంది, దింపొద్దే బుజ్జీ. ఆ గోడలు చేత్తో గీకినా రాలిపోతాయి, ఒక్క టైరు గాడి పడితే వానకి అదే కాలవ అయి గోడ కూలుస్తుంది. సైకిళ్ళు రోడ్డు పక్కన తాళం వేసి చెప్పులతో నడవండి, జీడిమామిడి చెట్ల నీడలో కూర్చోండి.

అక్కణ్ణించి భీమిలి దగ్గరే, ఆర్కే బీచ్ నుంచి మొత్తం ముప్ఫై కిలోమీటర్ల లోపు అనుకో. టిఫిన్ ముందు, ఊరు తర్వాత. డచ్చివాళ్ళ సమాధులు, లైట్‌హౌసు, 1861లో మునిసిపాలిటీ అయిన పాత ఊరు, గోస్తనీ సముద్రంలో కలిసే చోటు. ఆ నీళ్ళు బొర్రా గుహల్లోంచి వచ్చినవే, నాకు అది తలుచుకుంటే ఎప్పుడూ ఆశ్చర్యమే.

భీమిలి దాటి ముక్కాం వైపు వెళ్తే అసలు సముద్రం పక్క పల్లెలు చూస్తారు, సరుగుడు తోటలు, మొగలి పొదలు, రోడ్డు మీద ఆరే వలలు. వలల మీదనుంచి, చేపల మీదనుంచి పోవద్దు, దిగి నడిపించుకోండి, అది వాళ్ళ కూడు, పైగా నా ఫ్రీవీల్ కథ విన్నావు కదా. కుక్కలు వెంటపడితే పారిపోకు, సైకిల్ దిగి నీకూ కుక్కకీ మధ్య సైకిల్ పెట్టి నడువు, ఆగిపోతాయి. తిరిగి హైవే మీదుగా రావాలనుకోకండి, లారీలు ఎక్కువ, వచ్చిన దారినే రండి. రాత్రిపూట ఇసుక మీదకి లైట్లు వేసుకుని పోవద్దు, జనవరి నుంచి తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి, వెలుతురు చూస్తే బెదిరి వెనక్కి పోతాయి.

ఆడపిల్లలు కాబట్టి ఒక మాట. చున్నీ వద్దు, ప్యాంటు కుడికాలు కింద రబ్బరు బ్యాండు వేసుకో, లేకపోతే చైన్ లాగేస్తుంది. బాత్రూమ్‌కి ఇబ్బంది అని నీళ్ళు తాగడం మానేస్తారు మీరు, నేనూ మానేసి ఒకసారి కళ్ళు తిరిగి కూర్చుండిపోయా, అందుకే చెప్తున్నా, రుషికొండలోనూ భీమిలిలోనూ టిఫిన్ హోటళ్ళలో అడిగితే కాదనరు, గంటకి అరలీటరు పైనే తాగాలి, ఒక బాటిల్లో ఉప్పు వేసిన మజ్జిగ పోసుకో.

ఇంటికొచ్చాక స్నానం నీకంటే ముందు సైకిల్‌కి. ఉప్పుగాలి ఒక్క రాత్రిలో చైన్‌ని ఎర్రగా చేస్తుంది. మంచినీళ్ళు ప్రెషర్ లేకుండా పోసి, పాత నూలు గుడ్డతో పొడిగా తుడిచి, లింకుకి ఒక చుక్క చొప్పున ఆయిల్ వేసి, పైన మిగిలింది తుడిచెయ్, ఆయిల్ పైకి కారుతుంటే ఇసుక అంటుకుంటుంది.

ట్యూబులు రెండు తెచ్చుకో. కొత్త సైకిళ్ళకి కొన్నిటికి సన్న వాల్వు ఉంటుంది, అలాంటిదైతే దారిలో పంచర్ షాపుల్లో పంపు పట్టదు, చిన్న ఎడాప్టర్ కావాలి. నీ చక్రం వాల్వు ఫోటో తీసి ఇవాళే పంపు, నా పంపు దానికి సరిపోతుందో లేదో చూసి చెప్తా.

పెద్దమ్మ