తోలుబొమ్మ కన్నాలు, మూడు వందల బ్రష్షులు

అనంతపురం

చెల్లెమ్మకు,

నువ్వు పంపిన పద్నాలుగు డిజిటల్ బొమ్మలూ చూసినాను. ఫోనులో ఒకసారి, రాత్రి కంప్యూటర్లో పెద్దవి చేసుకుని ఇంకోసారి. పదమూడు బాగున్నాయి. ఒకటి బాగాలేదు. ఈ ఉత్తరం ఆ ఒక్కదాని కోసమే రాస్తున్నాను.

మీ అవ్వ నాపరాళ్ల అరుగు మీద కూచుని శనక్కాయలు ఒలుస్తున్న బొమ్మ అది. చేతులు వంకర పోయినాయి. పొట్టు కుప్ప మబ్బు మాదిరి ఉంది. ఆ కుప్ప దగ్గర నాలుగైదు బ్రష్షులు (కంప్యూటర్లో గీతకు ఆకారమిచ్చే మొనలు) మార్చి మార్చి తంటాలు పడినావని గీతలే చెప్తున్నాయి. మిగతా పదమూడింటిలో నువ్వు యాడా తంటాలు పడలేదు. బొమ్మలు నేర్పే వీడియోల్లో వాళ్ల చెయ్యి ఎట్ల తిరిగితే నీ చెయ్యీ అట్లే తిరిగింది.

“అన్నా, మూడు వందల బ్రష్షులు దించుకున్నా, అయినా నా స్టైల్ రాలేదు, ఏ కోర్సులో చేరాల?” అని అడిగినావు. నేను ఏ కోర్సులోనూ చేరలేదు, కాబట్టి దాని గురించి చెప్పే యోగ్యత నాకు లేదు. నాకు ఏది ఎట్ల దొరికిందో చెప్తాను.

2006లో నేనొక ఫ్లెక్సీ షాపులో పనిచేసేవాణ్ణి. పగలంతా నాయకుల ఫొటోలు కత్తిరించడమే పని. పుట్టినరోజు శుభాకాంక్షలు, స్వాగతం సుస్వాగతం, కింద ముప్పై తలకాయలు. తలకాయ చుట్టూ మౌసుతో గీత గీయాల, జుట్టు దగ్గర జాగ్రత్తగా తిప్పాల, వెనకది తీసేయాల. రాత్రి షట్టరు సగం దించి అదే కంప్యూటర్లో నా బొమ్మలు వేసుకునేవాణ్ణి. పెన్ టాబ్లెట్ అని, పెన్నుతో గీస్తే కంప్యూటర్లో గీత పడే పలక ఒకటుందని విన్నాను గానీ కళ్లతో చూడలేదు. మౌసుతో గీస్తే గీత ఒకే లావు వస్తుంది, ప్రాణం ఉండదు. ఎన్ని రాత్రులు ఏడ్చినానో. చివరికి విసుగొచ్చి గీతలు గీయడమే మానేసినాను. పగలు తలకాయలు కత్తిరించినట్టే రాత్రి ఆకారాలు కత్తిరించి రంగు నింపడం మొదలుపెట్టినాను. చెట్టు ఒక ముక్క, ఆవు ఒక ముక్క, ఆవు మీద ఎండ ఇంకో ముక్క.

అదే నా పద్ధతి అవుతుందని అప్పుడు అనుకోలేదు. చేతకాక చేసిన పని అది.

ఆ రోజుల్లోనే ఒక పని మీద ధర్మవరం దగ్గర నిమ్మలకుంటకు పోయినాను. (2022 నుంచి అది శ్రీ సత్యసాయి జిల్లా కిందికి పోయింది గానీ మా నోటికి ఇంకా అనంతపురమే.) తోలుబొమ్మలు చేసే ఊరు. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ కూడా వచ్చింది. నేను పోయినప్పుడు ఒక ఇంటి ముందు ఒకాయన కూచుని మేకతోలు మీద చిన్న ఉలితో కన్నాలు కొడుతున్నాడు. సీత నడుముకు వడ్డాణం. బంగారు రంగేమీ పూయడం లేదు, వరసగా కన్నాలు పెడుతున్నాడంతే. నాకు అర్థం కాలేదు. ఆయన బొమ్మను ఎత్తి ఎండకు అడ్డం పెట్టినాడు. వడ్డాణం భగ్గుమన్నది.

మన స్క్రీను కూడా అంతే కదా చెల్లీ! కాగితం మీద వెలుగు పడి తిరిగి వస్తుంది. తోలుబొమ్మలో వెలుగు వెనక నుంచి వస్తుంది, మన స్క్రీనులో కూడా అంతే. నేను అప్పటిదాకా నగలకు పసుపు మీద తెలుపు, తెలుపు మీద ఇంకా తెలుపు పూసి పూసి చచ్చేవాణ్ణి. ఆ రాత్రి షాపుకొచ్చి అన్నిటికన్నా కింద మంచి దీపం రంగు పొర ఒకటి వేసినాను. దానిమీద బొమ్మ పొర. ఇప్పుడు రబ్బరు తీసుకుని, గట్టి అంచున్న గుండ్రటి బ్రష్షు పెట్టి, దాని స్పేసింగ్ పెంచినాను. స్పేసింగ్ తక్కువుంటే చుక్కలన్నీ కలిసిపోయి గీత అవుతుంది. ఎక్కువుంటే చుక్కకు చుక్కకు మధ్య ఖాళీ వస్తుంది. క్రీటా అనే బొమ్మలేసే సాఫ్ట్‌వేరులో అయితే 1 అంటే చుక్కలు ఒకదానికొకటి ఆనుకుంటాయి, 1.6 దగ్గర పూసలు గుచ్చినట్టు విడివిడిగా పడతాయి. ఆ రబ్బరుతో నడుం చుట్టూ ఒక్కసారి తిప్పితే చాలు, తుడిచిన చుక్కల్లోంచి కింది దీపం రంగు కనబడి వడ్డాణం వెలిగింది. ఇప్పటికీ నా బొమ్మల్లో నగలన్నీ పూసినవి కావు, తుడిచినవే.

ఇంకొకటి కూడా ఆ ఊరి నుంచే దొరికింది. తోలుకు రెండు పక్కలా రంగు వేస్తారు వాళ్లు. వెలుగు రెంటిలోంచీ దూరి వస్తుంది కాబట్టి రంగు చిక్కబడుతుంది. పై పొర రంగును కింది పొర రంగుతో కలిపే మల్టిప్లై అనే మోడు నేను అంతకుముందు ఊరికే నొక్కి చూసి వదిలేసినాను, నల్లబడిపోతోందని. దాని లోపల లెక్క శానా సులువు. కంప్యూటర్లో రంగు విలువ 0 నుంచి 255 దాకా ఉంటుంది. కింది పొరలో ఎరుపు విలువ 200, పై పొరలో 128 అనుకో. రెంటినీ గుణించి 255తో భాగిస్తే దాదాపు 100. అంటే ముదురుతుందే గానీ ఎప్పుడూ లేతబడదు. తెలుపు విలువ 255 కాబట్టి తెల్లది ఉన్న చోట కింది రంగు అట్లే ఉంటుంది. తోలు మీద తోలు పెట్టినట్టే. నీడలకు బూడిద రంగు వాడొద్దని నీకు ఎవరో చెప్పే ఉంటారు. ఎందుకు వద్దో ఇక్కడ తెలుస్తుంది: బూడిద తోలు అడ్డం పెడితే అన్నీ ఒకేలా మసకబారతాయి. లేత ఊదా తోలు అడ్డం పెడితే మన ఎర్రమన్ను మీద సాయంత్రం నీడ పడుతుంది. నువ్వే వేసి చూడు.

తర్వాత 2011లో టాబ్లెట్ కొన్నాను. రెండేళ్లు నా బొమ్మలు చెడిపోయినాయి! చేతికి ఒత్తిడి తెలిసే పెన్ను వచ్చేసరికి అందరి మాదిరి సన్నం లావు గీతలు గీయాలని మోజు పుట్టింది. ఎవరెవరివో బ్రష్షులు దించుకున్నాను, నీ మాదిరే. ఆ రెండేళ్ల బొమ్మలు ఇప్పుడు చూస్తే ఎవరు వేసినారో నాకే గుర్తు రాదు.

అందుకని నీ పొట్టు కుప్ప దగ్గరికే తిరిగి వస్తాను. కొత్త బ్రష్షు వెతకొద్దు. ఒక శనక్కాయ పొట్టు ముక్కను తెల్లకాగితం మీద పెట్టి, పొద్దున ఏడు గంటలప్పుడు ఎండ పక్కనుంచి పడేటట్టు ఫొటో తియ్యి. ఆ వల మాదిరి గీతలు లోతుగా కనిపిస్తాయి. మధ్యాహ్నం తీస్తే చప్పగా వస్తుంది. రంగు తీసేసి నలుపు తెలుపు చెయ్యి, కాంట్రాస్టు పెంచు. దాన్నే బ్రష్షు మొనగా పెట్టుకో. నల్లగా ఉన్న చోట రంగు పడుతుంది, తెల్లగా ఉన్న చోట పడదు. ప్రతి అచ్చుకూ కోణం, సైజు దానంతట అవే మారేటట్టు పెట్టు, లేకుంటే గోడకు స్టెన్సిలు కొట్టినట్టుంటుంది. మొదటిసారి బాగా రాదు. నాకు వేపాకు బ్రష్షు కుదరడానికి పదకొండు సార్లు పట్టింది. పదకొండని ఎట్ల చెప్తున్నానంటే, నోటుపుస్తకంలో రాసి పెట్టుకున్నాను: ఏం కావాలనుకున్నాను, స్పేసింగ్ ఎంత పెట్టినాను, ఏం వచ్చింది. ఏమొచ్చిందో రాసిన చోటనే శానా సరుకు ఉంది. వేపాకు కోసం పోయి చెడిన నాలుగోసారి వచ్చిందే ఇప్పుడు నేను గొర్రె బొచ్చుకు వాడేది.

రంగుల గురించి ఎక్కువ చెప్పను. స్క్రీను ఒక కోటీ అరవై ఏడు లక్షల రంగులు చూపగలదు, అదే మనకు శాపం. లేపాక్షి గుడి కప్పు మీద బొమ్మలు 16వ శతాబ్దంవి, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నలుపు, తెలుపు, దాదాపు వీటితోనే పార్వతీ కల్యాణం నుంచి పంది వేట దాకా లాగించినారు. ఒక నెల ఐదు రంగులతోనే వెయ్యి. ఐదూ మీ ఇంటి చుట్టూ కనిపించేవే తీసుకో.

అచ్చుకు ఇచ్చేటప్పుడు మాత్రం ఒక్క మాట విను. ఒక క్యాలెండరుకు నేను వేసిన నెమలి స్క్రీను మీద ధగధగలాడింది, కాగితం మీద పాత టెంటు గుడ్డ రంగులో వచ్చింది. ప్రెస్సుది తప్పు కాదు, వెలుగుతో వచ్చే ఆ నీలం సిరాకు అందదు. ముందు చిన్న ముక్క తీయించి చూసుకుని ఉండాల్సింది నేను.

మీ అవ్వ చేతుల గురించి ఏమీ చెప్పలేదనుకుంటావేమో. వాటికి బ్రష్షు లేదు. ఆమె ఎదురుగా కూచుని నువ్వు కూడా ఒక శేరు శనక్కాయలు ఒలువు. బొటనవేలు యాడ నొక్కుతుందో, పొట్టు ఏ పక్కకు పగులుతుందో చూడు. తర్వాత వెయ్యి. ఆ బొమ్మే మళ్లీ పంపు, మిగతా పదమూడూ వద్దు.

వచ్చే నెల రెండో ఆదివారం నిమ్మలకుంట పోతున్నాను. పొద్దున బండికి అనంతపురం వచ్చేస్తే కలిసి పోదాం. ఆ నోటుపుస్తకం కూడా తెస్తాను, నా చేతిరాత చదవగలిగితే.

మీ అన్న