రాయిలో కత్తి, సరస్సులో కత్తి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఆర్థర్ రాజు, ఆయన నైట్ల గాథల గురించి పోయిన సంచికలో వేసిన వ్యాసానికి ఉత్తరాలు బాగానే వచ్చాయి. వాటిలో కొన్నిటికి ఇక్కడ జవాబిస్తున్నాం.

మా తమ్ముడు చూసే ‘ఫేట్’ అనే జపాన్ అనిమేలో ఆర్థర్ రాజు ఆడపిల్ల! ఆమెకు ముందు రాయిలో కత్తి దొరుకుతుంది, అది విరిగాక సరస్సు నుంచి ఎక్స్‌కాలిబర్ వస్తుంది. నేను చూసిన సినిమాల్లో రెండూ ఒకటే కత్తి. అసలు కథలో ఏముంది?
– డిగ్రీ విద్యార్థిని, కాకినాడ

ఆడపిల్ల సంగతి అలా ఉంచితే, కత్తుల విషయంలో మీ తమ్ముడి అనిమేనే నమ్మొచ్చు. అది పాత పుస్తకాన్ని చాలా సినిమాల కన్నా శ్రద్ధగా చదువుకుంది.

చిక్కల్లా ‘అసలు కథ’ అన్నమాటతోనే. 1136-38 ప్రాంతంలో జెఫ్రీ ఆఫ్ మన్మత్ లాటిన్‌లో రాసిన బ్రిటన్ రాజుల చరిత్రలో ఆర్థర్ ఉన్నాడు, మాంత్రికుడు మెర్లిన్ ఉన్నాడు, ఆవలాన్ దీవిలో చేసిన కత్తీ ఉంది. నైట్లు కూర్చునే గుండ్రబల్ల లేదు, నైట్లలో మేటి లాన్స్‌లాట్ లేడు, రాయిలో కత్తి లేదు. బల్లను 1155లో వేస్ అనే నార్మన్ కవి తెచ్చాడు. పెద్దపీట నాకంటే నాకని దొరలు కీచులాడుకోకుండా ఉండటానికి పెట్టిన ఏర్పాటది. లాన్స్‌లాట్‌కీ రాణికీ మధ్య ప్రేమ, కామెలాట్ అనే ఊరిపేరు ఆ తర్వాత కొన్నేళ్లకు ఫ్రెంచి కవి క్రెటియెన్ ద ట్రోయ్ చేతిలో మొదలయ్యాయి. రాయిలో కత్తి 1200 ప్రాంతపు రాబేర్ ద బొరోన్‌ది. మన పండితులు ప్రక్షిప్తాలంటారే, ఇక్కడ కథంతా అవే. ఏరి పారేస్తే చేతిలో మిగిలేది బహు స్వల్పం.

ఇక కత్తులు. 13వ శతాబ్దపు ఫ్రెంచి వచన కథల్లో ఒక శాఖ రాయిలోంచి లాగిన కత్తికే ఎక్స్‌కాలిబర్ అని పేరు పెట్టింది. మరో శాఖలో ఎక్స్‌కాలిబర్ వేరు, అది సరస్సులోంచి వస్తుంది. 1469-70లో చెరసాలలో ఉండి ఇంగ్లీషులో తన ఆర్థర్ గ్రంథం ‘లె మోర్ట్ డార్థర్’ ముగించిన థామస్ మాలరీ రెండు శాఖలనూ వాడుకున్నాడు. అందుకే ఆయన మొదటి పుస్తకంలో కుర్ర ఆర్థర్ ఒక యుద్ధంలో ‘ఎక్స్‌కాలిబర్’ దూస్తాడు. తర్వాత పెలినోర్ రాజుతో పోరులో కత్తి విరుగుతుంది, అప్పుడు సరస్సు దేవత దగ్గర ఎక్స్‌కాలిబర్ అందుకుంటాడు! ఈ పొరపాటును మాలరీ సరిచేయలేదు, 1485లో అచ్చు వేసిన విలియం కాక్‌స్టన్ కూడా సరిచేయలేదు. రెండు గంటల సినిమాకు రెండు కత్తులు బరువని తర్వాతివాళ్లు ఒకటి చేసేశారు.

అలా చేయడంలో పోయింది కత్తి కాదు, ఒర. కత్తి అందుకున్నాక మెర్లిన్ అడుగుతాడు: నీకు కత్తి నచ్చిందా, ఒర నచ్చిందా? కత్తే అంటాడు ఆర్థర్. తెలివితక్కువ జవాబు, ఆ ఒర పది కత్తుల పెట్టు, అది ఒంటి మీద ఉన్నంతకాలం ఎంత గాయమైనా నెత్తురు పోదు అంటాడు మెర్లిన్. తర్వాత అక్క మోర్గన్ ఆ ఒరను దొంగిలించి నీళ్లలో పారేస్తుంది. ఆఖరి యుద్ధంలో ఆర్థర్‌కు తగిలిన దెబ్బ మానకపోవడానికి బీజం అక్కడుంది. అనిమేలో గాయాలు మాన్పే ఒర కనిపిస్తుంది, గమనించండి.

గ్రెయిల్ అంటే క్రీస్తు తాగిన గిన్నె కదా? మరి మీరు ‘పళ్లెం’ అని రాశారు.
– ఏలూరు

మొదట అది పళ్లెమే. క్రెటియెన్ చివరి కావ్యం ‘పెర్సెవాల్’లో ఒక అమ్మాయి దాన్ని గాయపడ్డ ఒక రాజుగారి భోజనశాల మీదుగా లోపలి గదికి పట్టుకెళుతుంది. చేపను వడ్డించేంత వెడల్పైన పాత్ర. అందులో చేప లేదని, ఒక్క ప్రసాదపు అప్పం మాత్రమే ఉందని, లోపలున్న ముసలి రాజు దానితోనే ప్రాణం నిలుపుకుంటున్నాడని తర్వాత తెలుస్తుంది. ఎక్కువ మాట్లాడకూడదని గురువు నేర్పాడు కాబట్టి అక్కడ అతిథిగా ఉన్న కథానాయకుడు పెర్సెవాల్ అది ఎవరికని అడగడు. అడిగి ఉంటే ఆతిథ్యమిచ్చిన రాజు గాయం మానేది. గ్రెయిల్‌ను వెతికి సాధించడం కన్నా, అడగాల్సినప్పుడు అడగడం ఇక్కడ పరీక్ష. కావ్యం పూర్తికాకుండానే ఆగిపోవడంతో, మిగతాది అల్లడానికి నలుగురైదుగురు కవులు పోటీలు పడ్డారు.

కడరాత్రి విందు పాత్రగా మార్చింది రాబేర్ ద బొరోన్. జర్మన్ కవి వోల్ఫ్రామ్ దాన్ని ఏకంగా రాయిని చేశాడు. గాయపడ్డ రాజు, బీడుపడ్డ రాజ్యం అన్న అంశం మాత్రం చాలా దూరం వచ్చింది: 1882లో వాగ్నర్ ఆపెరా, 1922లో ఎలియట్ కావ్యం ‘వేస్ట్ ల్యాండ్’. ఎం.ఏ. ఇంగ్లీషులో ఎలియట్ చదివేవాళ్లు ముందు ఈ భోజనశాల ఘట్టం చదివితే సగం ఫుట్‌నోట్ల అవసరం తప్పుతుంది.

మా అబ్బాయి దగ్గరికి ఇంగ్లండు వెళ్లినప్పుడు వించెస్టర్‌లో గోడకు వేలాడదీసిన గుండ్రబల్ల చూశాం. మీరేమో ఆర్థర్ ఉన్నాడో లేడో అంటున్నారు. బల్ల అబద్ధమా?
– విశ్రాంత ఉద్యోగి, గుంటూరు

బల్ల నిజమే, వయసే తేడా. అది ఓకు చెక్క, అడ్డం 5.5 మీటర్లు, బరువు 1,200 కిలోలు. 1970లలో చెక్క వలయాలను లెక్కించి, కార్బన్ పరీక్ష చేసి 13వ శతాబ్దం చివరిదని తేల్చారు. అంటే మొదటి ఎడ్వర్డ్ కాలం. ఆర్థర్ ఉన్నాడని చెప్పే కాలం 5-6 శతాబ్దాలు. మీరు చూసిన రంగులు ఇంకా తర్వాతివి, ఎనిమిదో హెన్రీ వేయించినవి. నడుమ ట్యూడర్ల గులాబీ ఉంటుంది. సింహాసనం మీద కూర్చున్న ఆర్థర్‌లో హెన్రీ పోలికలు ఊరికే రాలేదు. 1522లో చక్రవర్తి ఐదో చార్లెస్ అతిథిగా వస్తే తీసుకెళ్లి చూపించాడు కూడా. కాక్‌స్టన్ అయితే 1485 నాటి పీఠికలో ఆర్థర్ ఉన్నాడనడానికి ఈ బల్లనే సాక్ష్యంగా పేర్కొన్నాడు.

ఇంగ్లండులోనే గ్లాస్టన్‌బరీ మఠంలో 1191లో ఆర్థర్ సమాధి ‘దొరికింది’. 1184లో ఆ మఠం కాలి బూడిదై, తిరిగి కట్టడానికి డబ్బు కావలసి వచ్చిందన్నది పక్కన పెట్టుకుని చదవాలి. చరిత్రలో దొరికే ఆధారం పలుచన: 830 ప్రాంతపు ఒక లాటిన్ గ్రంథం ఆయనకు 12 యుద్ధాలు అంటగట్టి, రాజు అనకుండా సేనాని అంది.

మాలరీ పుస్తకం ఉత్సాహంగా మొదలుపెట్టి వంద పేజీలకే వదిలేశాను. ఎలా చదవాలి?
– కరీంనగర్

వరసగా చదవబోవడం వల్లే చాలామంది ఆగిపోతారు. కాక్‌స్టన్ దాన్ని 21 పుస్తకాలుగా, 507 అధ్యాయాలుగా విడగొట్టాడు. ఐదో పుస్తకంలో రోము దండయాత్ర నత్తనడక నడుస్తుంది. 8 నుంచి 12 దాకా ట్రిస్ట్రామ్ కథ, మొత్తం గ్రంథంలో మూడో వంతు దాకా ఉంటుంది. ఒక పోటీ అయితే ఇంకో పోటీ, వాళ్లే పడతారు, వాళ్లే లేస్తారు. మొదటిసారి ఈ రెంటినీ నిర్మొహమాటంగా దాటేయండి.

ముందు 1, 2. తర్వాత 6, 7. అక్కడి నుంచి సూటిగా 18-21. గ్రెయిల్ అన్వేషణ 13-17లో ఉంది, దాన్ని రెండో విడతకు ఉంచుకోండి.

ఏడోది మాత్రం వదలొద్దు. పిల్లల కథలా ఉందని చాలామంది దాటేసి నష్టపోతారు. గారెత్ అనే రాజకుమారుడు పేరు చెప్పకుండా ఆర్థర్ వంటశాలలో ఏడాది పనిచేస్తాడు. ఆర్థర్ పెంపుడన్న ‘కే’ అతన్ని వెక్కిరిస్తాడు, లాన్స్‌లాట్ ఆదరిస్తాడు, చివరికి తన చేత్తోనే నైట్‌ని చేస్తాడు. ఇరవయ్యో పుస్తకంలో మంటల్లో కాల్చబోతున్న రాణిని రక్షించే తొక్కిసలాటలో, ఆయుధం లేకుండా నిలబడ్డ గారెత్‌ను అదే లాన్స్‌లాట్ చూసుకోకుండా చంపేస్తాడు. గారెత్ అన్న గావెయిన్ పగ, గుండ్రబల్ల పతనం రెండూ ఆ దెబ్బతోనే మొదలు. ఏడోది చదవనివాళ్లకు అక్కడ గారెత్ ఒట్టి పేరు.

ఒక కాగితం మీద గావెయిన్, అగ్రవెయిన్, గాహెరిస్, గారెత్ అన్నదమ్ములని, మోర్‌డ్రెడ్ వాళ్ల తల్లికి ఆర్థర్ వల్ల పుట్టినవాడని రాసి పుస్తకంలో పెట్టుకోండి. ఎలెయిన్ అనే పేరుతో ఒకరి కన్నా ఎక్కువమంది ఉన్నారు, కనిపించినప్పుడల్లా ఏ ఊరి ఎలెయినో చూసుకోవాలి. పుస్తకం కొనేటప్పుడు పీఠిక తిప్పండి: 1934లో వించెస్టర్ కళాశాలలో బయటపడ్డ రాతప్రతిని అనుసరించిందా, కాక్‌స్టన్ అచ్చునా అని. రోము యుద్ధం రెంటిలో బాగా వేరు, విభజన కూడా వేరు. పైన ఇచ్చిన అంకెలు కాక్‌స్టన్‌వి.

స్కౌట్ మాస్టర్‌ని. ‘మధ్యయుగపు నైట్ల పది సూత్రాలు’ నెట్‌లో దొరికితే స్కూల్లో చార్టు రాయించాను. అది నమ్మదగినదేనా?
– అనంతపురం

ఆ పది ఆజ్ఞలు 1884లో లియోన్ గొతియే అనే ఫ్రెంచి పండితుడు పాత వీరకావ్యాలు చదివి కూర్చినవి. ఏ నైటూ వాటిని కంఠస్థం చేయలేదు. చార్టు తీసేయక్కర్లేదు, కింద ఆ సంవత్సరం రాయించండి చాలు. బదులుగా మాలరీ మూడో పుస్తకం చివర ఉన్న ప్రమాణం వాడుకోవచ్చు: హత్య చేయకూడదు, ద్రోహం తలపెట్టకూడదు, శరణన్నవాణ్ణి చంపకూడదు, స్త్రీలకు అండగా నిలవాలి, అన్యాయపు తగవులో డబ్బుకోసం కత్తి పట్టకూడదు. ఏటా పెంతెకోస్తు పండుగకు అందరూ దాన్ని మళ్లీ చేసేవారని కథ. స్కౌట్లకు సంబంధం ఉన్నమాట వాస్తవం. స్కౌట్ ఉద్యమం మొదలుపెట్టిన బేడెన్-పవెల్ 1908 నాటి పుస్తకంలో నైట్లను పిల్లల ముందు ఆదర్శంగా నిలబెట్టాడు.

ఈ కథలు మన దేశం దాకా వచ్చాయా, ఇంగ్లీషు చదువుతో తప్ప?
– హైదరాబాద్

ఆర్థర్ రాలేదు, ఫ్రాంకుల చక్రవర్తి షార్లమేన్ వచ్చాడు, అదీ ఇంగ్లీషువాళ్ల కన్నా ముందు. కొచ్చి చుట్టుపక్కల లాటిన్ కథోలికులు ఆడే చవిట్టు నాటకంలో పేరున్న కథ ‘కారల్‌మాన్ చరితం’. షార్లమేన్, ఆయన పన్నెండుమంది వీరులు, రోలాండ్‌తో సహా అందులో ఉంటారు. పోర్చుగీసువాళ్లతో వచ్చిన కథకు స్థానికులు తమ పాటలు, తమ కాలి దెబ్బలు కలిపారు. చెక్క వేదిక మీద కాళ్లతో దబదబా కొడుతూ ఆడతారు, ఆ చప్పుడే సగం సంగీతం. ఎర్నాకుళం జిల్లా గోతురుత్ దీనికి పెట్టింది పేరు. చూడబోయేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: మాటలు తమిళం బాగా కలిసిన పాత ధోరణిలో ఉంటాయి, మలయాళం వచ్చినా తేలిగ్గా అందవు. షార్లమేన్, రోలాండ్‌ల కథ ముందే చదువుకుని వెళ్లండి.