మూట్ కోర్ట్‌కు పోతున్న బిడ్డకు

బిడ్డా,

లా విద్యార్థుల ఉత్తుత్తి కోర్టు పోటీ, అదే మూట్ కోర్ట్, టీంలో ఉన్నావనీ, మీకిచ్చిన కల్పిత కేసు, అదే ప్రాబ్లం, తమ భవిష్యత్తును ప్రజలే తేల్చుకునే స్వయం నిర్ణయాధికారం మీద వచ్చిందనీ, మీది విడిపోతామనే వాళ్ల పక్షమనీ మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషమైంది. ఆ వెంటనే "వాళ్లు రాసిచ్చే వాదన, అదే మెమోరియల్‌లో, మొదటి ఉదాహరణ మన హైదరాబాదేనట" అంది. అప్పటి నుంచి నాకు పరేషానే.

ప్రాబ్లం నాలుగుసార్లు చదువు, తేదీలు ఒక కాగితం మీద వరసగా రాసుకో, పేజీల లిమిట్ చూసుకో. ఇవి నీకు చెప్పక్కర్లేదు.

చట్టాన్ని తేదీల ప్రకారమే పేర్చు. 1945 నాటి ఐక్యరాజ్యసమితి చార్టర్‌లోని 1(2), 55 అధికరణాలు స్వయం నిర్ణయాధికారాన్ని 'సూత్రం' అన్నాయి. వలస ప్రజల హక్కుగా చాటింది 1960 డిసెంబర్ 14 నాటి ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీ 1514 తీర్మానం. మర్నాడే వచ్చిన 1541 మూడు దారులు చూపింది: స్వతంత్ర దేశం కావడం, వేరొక దేశంతో స్వేచ్ఛగా అనుబంధం పెట్టుకోవడం, అందులో కలిసిపోవడం. 1966 నాటి రెండు మానవ హక్కుల ఒడంబడికలూ ఈ హక్కుతోనే మొదలవుతాయి. 1970 నాటి 2625 తీర్మానం దేశాల ప్రాదేశిక సమగ్రతను కాపాడుతూనే, ప్రజలందరికీ ప్రాతినిధ్యం ఇచ్చే ప్రభుత్వం ఉండాలని మెలిక పెట్టింది. అలాంటి ప్రభుత్వం లేనిచోట ఆ కాపు వర్తించదన్న మీ వాదన నిలబడేది ఆ మెలిక మీదే. అయితే 'ప్రజలు' అంటే ఎవరో వీటిలో ఏదీ నిర్వచించలేదు. చాలా టీంలు ఈ ముక్కను నాలుగు లైన్లలో దాటేస్తాయి. మీరు దానికి రెండు పేజీలివ్వండి: భాష, భూభాగం, చరిత్ర, ఇన్నాళ్లూ వాళ్లను ఎవరు ఎలా పాలించారన్నది.

ఇప్పుడు నా అసలు భయం. ఏటా మెమోరియళ్లలో ఒక వాక్యం కనిపిస్తుంది: "కొసావో కేసులో అంతర్జాతీయ న్యాయస్థానం విడిపోయే హక్కును గుర్తించింది." గుర్తించలేదు బిడ్డా. జనరల్ అసెంబ్లీ అడిగింది, సెర్బియా నుంచి విడిపోతూ కొసావో చేసిన స్వాతంత్ర్య ప్రకటన అంతర్జాతీయ చట్టానికి లోబడి ఉందా అని మాత్రమే. 2010 జులై 22న కోర్టు, ఆ ప్రకటన చట్టాన్ని ఉల్లంఘించలేదని 10-4 ఓట్లతో చెప్పి ఊరుకుంది. 56వ పేరా తీసి చూడు: విడిపోయే హక్కును చట్టం ఇస్తుందా అన్నది తమను అడిగిన ప్రశ్నే కాదంటుంది. ఘోరంగా హింసించే ప్రభుత్వం నుంచి చివరి దారిగా విడిపోవచ్చన్న 'రెమెడియల్ సెసెషన్' వాదన 82, 83 పేరాల్లో వస్తుంది. దాని మీద దేశాలు గట్టిగా విభేదిస్తున్నాయని చెప్పి, ఇక్కడ తేల్చాల్సిన పని లేదని కోర్టు పక్కన పెట్టేసింది. ఇక 84లో, ఇలాంటి ప్రకటనలను నిషేధించే నియమం సాధారణ అంతర్జాతీయ చట్టంలో లేదంది. నిషేధం లేదంటే హక్కు ఉన్నట్టా? మీ అపార్ట్‌మెంట్ ముందు 'నో పార్కింగ్' బోర్డు లేనంత మాత్రాన ఆ జాగా నీ పేర రిజిస్ట్రీ అయినట్టు కాదు గదా.

ఈ తప్పు పుట్టేది సారాంశాలు చదివి సరిపెట్టుకోవడం వల్ల. బెంచ్ మీది జడ్జి "ఏ పేరా, కౌన్సెల్?" అంటే గొంతు ఎండిపోతుంది. ఎదుటి పక్షం ఊరుకుంటుందా, 81వ పేరా తీస్తుంది. చట్టవిరుద్ధమైన బలప్రయోగంతో ముడిపడిన ప్రకటన చెల్లదన్నది అక్కడుంది. మీ ప్రాబ్లంలో పొరుగు దేశపు సైన్యం ఎక్కడైనా కాలు పెట్టిందేమో ఈ రాత్రే చూడు.

కొసావోను చట్టం తలుపు మూయలేదనడానికి మాత్రమే వాడు. హక్కు కోసం 2625 మెలికనూ, క్యూబెక్ రాష్ట్రం విడిపోవచ్చా అన్నదాని మీద 1998 నాటి కెనడా సుప్రీంకోర్టు అభిప్రాయాన్నీ పట్టుకో. ఆ కోర్టు కూడా చివరి దారిగా విడిపోవడమన్నది స్థిరపడిన చట్టమో కాదో స్పష్టంగా లేదనే అంది. ఆ మాట దాచకు, నువ్వే ముందు చెప్పు. దక్షిణ సూడాన్‌ను ఉదాహరణగా తెచ్చావంటే దొరికిపోతావు, 2011లో అది విడిపోయింది సూడాన్ ప్రభుత్వంతో కుదిరిన 2005 ఒప్పందం ప్రకారం. బంగ్లాదేశ్ కొంత మెరుగు. కానీ 1971లో పుట్టిన ఆ దేశానికి ఐక్యరాజ్యసమితి సభ్యత్వం 1974లో, పాకిస్తాన్ గుర్తించాకే వచ్చింది. "మరి మీ దేశం ఏమంటుంది?" అని అడిగితే తడబడకు. 1979లో ఆ ఒడంబడికల్లో చేరుతూ, ఈ హక్కు పరాయి పాలనలో ఉన్న ప్రజలకే వర్తిస్తుందని భారత్ ప్రకటన చేసింది. ఫ్రాన్స్, జర్మనీ, నెదర్లాండ్స్ దానికి అభ్యంతరం చెప్పాయి. నువ్వు వాదించేది ఆ మూడు దేశాల వైపు నుంచి. నాకు కొంచెం నవ్వొచ్చింది.

ఇక హైదరాబాద్. దాన్ని తీసేయ్. 1948 ఆగస్టు 21న నిజాం ప్రభుత్వం భద్రతా మండలికి చేసిన ఫిర్యాదు చార్టర్ 35(2) అధికరణం కింద, సభ్యత్వం లేని ఒక 'రాజ్యం'గా చేసింది. అది పాలకుడి వాదన. అప్పటికే తెలంగాణ పల్లెల్లో ఆ పాలకుడి మీద సాయుధ పోరాటం నడుస్తోంది, మరి అక్కడ 'ప్రజలు' ఎవరని అడిగితే ఏం చెప్తావు? సెప్టెంబర్ 13న పోలీసు చర్య మొదలైంది, 17కి ముగిసింది, 22న నిజాం ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని తంతి పంపాడు. మండలి మంచీచెడూ తేల్చలేదు. 1514 తీర్మానం ఇంకా పన్నెండేళ్ల దూరంలో ఉంది. దీన్ని ముందు పెట్టడం కొరివితో తల గోక్కోవడమే. ఊరి మీద ప్రేమ ఉంటే వేరే వ్యాసం రాద్దువు గాని, ఆ కాగితాలు నేనే వెతికి పెడతా.

ఎదురు ప్రశ్న పడగానే గొంతు పెంచడం నీకు చిన్నప్పటి అలవాటు. బెంచ్ ముందు అది పనికిరాదు, ఒక్క క్షణం ఆగి "పేరా 84, యువర్ ఎక్సలెన్సీ" అను చాలు.

శనివారం రా. డ్రాఫ్ట్ ప్రింట్ తీసుకురా, ఫోన్‌లో చూపిస్తే చదవను. చీకటి పడ్డాక శామీర్‌పేట నుంచి ఒక్కదానివే బయల్దేరకు, పొద్దుటి బస్సుకే రా.

మీ పెద్దబాపు