అమావాస్యలోపల కాన్పు

తొలిచూలు, 39 వారాలు నిండాయి, ఏ ఇబ్బందీ లేకపోయినా మందుపెట్టి నొప్పులు తెప్పిస్తామంటున్నారు, ప్రమాదమా అని అడిగారు. మందుకు భయపడొద్దు. గడువు పెట్టేవాళ్లకు భయపడండి.

మాది అనంతపురం. నా మొదటి కాన్పప్పుడు గురువారం రాత్రికి అమావాస్య పడుతుంది, ఆలోపలే బిడ్డ పుట్టాలని మా అత్త పట్టుబట్టింది. డాక్టరమ్మ కూడా సరేననేసింది! బుధవారం సాయంత్రం గర్భసంచి ముఖద్వారం మెత్తబడ్డానికి జెల్ పెట్టారు, ఆరు గంటలాగి ఇంకోసారి. రాత్రంతా నడుము పీకడం తప్ప ఏమీ లేదు. తెల్లారి నొప్పుల మందు డ్రిప్ ఎక్కించి, బిడ్డ గుండె చూసే మిషను బెల్టు పొట్టకు కట్టారు. నాకు గుక్కెడు నీళ్లే. మా ఆయన మాత్రం ఉగ్గాని బజ్జీ తెచ్చుకుని నా మంచం పక్కనే కూర్చుని తిన్నాడు, అది ఈ జన్మలో మరిచిపోను. చూడ్డానికొచ్చిన ప్రతి ఒక్కరూ "ఇంకా కాలేదా" అనడమే. నేనేమన్నా బస్సునా, టైముకు రావడానికి?

మధ్యాహ్నానికి ముఖద్వారం తెరుచుకుంది రెండు సెంటీమీటర్లే. సాయంత్రం "ఫెయిలయింది, ఆపరేషన్" అన్నారు. ఉమ్మనీరు కూడా పోలేదు, బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోంది. కోసేశారు.

తర్వాత తెలిసింది. 2018లో వచ్చిన అమెరికా అధ్యయనంలో 6 వేలమందికి పైగా తొలిచూలు వాళ్లను చూశారు. 39వ వారంలో నొప్పులు తెప్పించిన వాళ్లలో 18.6 శాతం మందికి సిజేరియన్ అయితే, ఆగి చూసిన వాళ్లలో 22.2 శాతం. బీపీ సమస్యలూ తగ్గాయి. అయితే అక్కడ ఉమ్మనీరు పోయాక కూడా కనీసం 12 గంటలు ఆగి చూడమన్నారు. మనకంత ఓపిక ఎక్కడిది? 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రం కాన్పుల్లో 42 శాతం పైనే సిజేరియన్లు. అన్నీ అవసరమై చేసినవంటే నేను నమ్మను.

మీ 39 వారాలు మొదటి నెలల స్కాన్ ప్రకారమేనా, ముఖద్వారం మెత్తబడిందా, బిషప్ స్కోరు (ముఖద్వారం కాన్పుకు ఎంత సిద్ధంగా ఉందో చెప్పే మార్కులు) ఎంత, ఎన్ని గంటలు ఆగుతారు అని అడగండి. "నువ్వేమన్నా డాక్టరువా" అంటారు. అననీ.

రెండో కాన్పుకు నేనూ నొప్పులు తెప్పించమనే అడిగాను. పాత కుట్టు ఉంది, నొప్పులు తెప్పించే మిసోప్రోస్టాల్ మాత్ర పెడితే గర్భసంచి చిరిగే ప్రమాదం, వద్దన్నారు. మళ్లీ ఆపరేషనే. ఆ తేదీ కూడా మా అత్తే పంచాంగం చూసి పెట్టింది.