కూల్‌డ్రింక్ సీసాలో ఫెర్రిక్ క్లోరైడ్.. ఇంట్లో మూడేళ్ల పాప!

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. మా అబ్బాయి ఇంజినీరింగ్ విద్యార్థి. ఇంట్లోనే సర్క్యూట్ బోర్డులు చేస్తుంటాడు. అందుకు వాడే ఫెర్రిక్ క్లోరైడ్ (బోర్డుపై రాగిని కరిగించే ద్రావణం), థిన్నర్‌లను పాత కూల్‌డ్రింక్, నీళ్ల సీసాల్లో పోసి వంటింటి పక్క గూట్లో పెడుతున్నాడు. సెలవులకు మా అమ్మాయి, మూడేళ్ల మనవరాలు వచ్చారు. టెన్షన్‌గా ఉంది. సీసాలపై పేర్లు రాసి పెడితే చాలా?

డాక్టర్ సలహా: చాలదమ్మా. పాపకు అక్షరాలు రావు, కూల్‌డ్రింక్ సీసా మాత్రం తెలుసు. ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణం చూడటానికి అచ్చం కాఫీ డికాక్షనే. థిన్నర్ నీళ్లలా ఉంటుంది. దాహం వేస్తే పెద్దవాళ్లయినా ఎత్తి తాగేస్తారు. కాబట్టి ముందు ఆ సీసాలు మార్చాలి. ఏది ఏ డబ్బాలో కొన్నారో అందులోనే ఉంచి, తాళం వేసే అలమరలో పెట్టండి. ఫెర్రిక్ క్లోరైడ్ ఇనుమును తినేస్తుంది. అందుకే ఇనుప బీరువా వద్దు, ప్లాస్టిక్ టబ్బులో నిలబెట్టండి. థిన్నర్ పొయ్యికి, పూజగది దీపానికి దూరంగా ఉండాలి. మిద్దె మీద రేకుల గదిలో అసలే వద్దు, మన తిరుపతి మే నెల ఎండ తెలిసిందే కదా!

కొందరు విద్యార్థులు ఫెర్రిక్ క్లోరైడ్‌కు బదులు బాత్రూం యాసిడ్‌లో హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి వాడతారు. ఆ మిశ్రమాన్ని సీసాలో పోసి మూత బిగిస్తే గ్యాస్ చేరి సీసా పగలొచ్చు. మీవాడు ఇదీ చేస్తున్నాడేమో అడగండి. యాసిడ్ పక్కన బ్లీచింగ్ పౌడర్ కూడా పెట్టకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ వస్తుంది.

ఇక లేబుల్. పేరు, కొన్న తేదీ, ‘తాగకూడదు’, ‘మంటకు దూరం’.. ఇవన్నీ తెలుగులో రాయించండి. అబ్బాయి కాలేజీకి వెళ్లాక ఇంట్లో ఉండేది మీరే కదా! మార్కర్‌తో రాస్తే థిన్నర్ చుక్క పడగానే చెరిగిపోతుంది. పెన్సిల్‌తో రాసి, పైన టేపు అంటించాలి.

కంట్లో పడితే కుళాయి నీళ్ల కింద 15-20 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లండి. మింగితే మాత్రం ఉప్పునీళ్లు తాగించి కక్కించొద్దు. మన వైపు ఈ అలవాటు ఇంకా పోలేదు. ఫెర్రిక్ క్లోరైడ్, యాసిడ్ లాంటిదైతే పైకి వస్తూ గొంతును మళ్లీ కాలుస్తుంది, థిన్నరైతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నోరు కడిగి 108కి ఫోన్ చేయండి. ఢిల్లీ ఎయిమ్స్ విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117 కూడా రాసి పెట్టుకోండి. రుయా ఆసుపత్రికి వెళ్లినా, ఇంకెక్కడికి వెళ్లినా ఆ సీసాను వెంట తీసుకెళ్లండి. ‘ఏం తాగింది?’ అన్నదే అక్కడ మొదటి ప్రశ్న.