రాయి పెట్టినవాళ్ళకు ఓటు లేదు

పాఠకుల ప్రశ్నలు, నా జవాబులు

ప్రశ్న: నమస్తే మేడమ్. మా అబ్బాయి గ్లాస్గోలో ఎమ్మెస్సీ చదువుతున్నాడు. స్కాట్లాండ్ బ్రిటన్ నుంచి విడిపోవాలా వద్దా అన్న మాట అక్కడ తరచూ వినిపిస్తుందట. స్కాట్లాండ్ వాళ్ళ సంగతి సరే, పక్కనే ఉన్న ఇంగ్లిష్ వాళ్ళు, వేల్స్ వాళ్ళు, ఐర్లాండ్ వాళ్ళు దీని గురించి ఏమనుకుంటారు? ‘పోతే పోండి’ అంటారా, ‘ఉండండి’ అని బతిమాలతారా? మీరు ఆ సరిహద్దు దగ్గరే ఉండేవారని ఇదివరకు రాశారు కాబట్టి అడుగుతున్నాను.

జవాబు: అవునండీ. 2009 నుంచి 2017 దాకా కార్లైల్‌లో ఒక మందుల షాపులో ఫార్మసిస్టుగా పనిచేశాను. కార్లైల్ ఇంగ్లండ్ ఊరు. అక్కణ్ణించి ఉత్తరానికి పది మైళ్ళు వెళ్తే గ్రెట్నా వస్తుంది, అది స్కాట్లాండ్. మధ్యలో చెక్‌పోస్టు లేదు, కంచె లేదు. రోడ్డు పక్కన ఒక బోర్డు ఉంటుంది, అంతే. మీరు అడిగిన రెండు మాటలూ నేను ఒకే మనిషి నోట విన్నాను. అతని గురించి చెబితే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది.

అతను లారీ డ్రైవరు. నెలనెలా ఇన్‌హేలర్ కోసం మా కౌంటర్‌కి వచ్చేవాడు. 2014లో ఇంగ్లండ్‌లో ప్రిస్క్రిప్షన్ మీద ఒక్కో మందుకి 8 పౌండ్ల 5 పెన్నీలు కట్టాలి. స్కాట్లాండ్‌లో 2011 నుంచి ఉచితం. అతని చెల్లెలు గ్రెట్నాలో ఉండేది. “ఇదే మందు మా చెల్లికి ఊరికే ఇస్తారు. ఆ డబ్బు ఎక్కడిది? నా టాక్సు” అని ప్రతి నెలా అనేవాడు. చెల్లెలి కూతురికి స్కాట్లాండ్ యూనివర్సిటీలో ఫీజు లేదు. అతని కొడుకు మాత్రం ఇంగ్లండ్‌లో ఏడాదికి 9,000 పౌండ్లు అప్పు చేసి చదువుతున్నాడు. “వెళ్తామంటే వెళ్ళనివ్వండి” అని కూడా అన్నాడు. 2014 సెప్టెంబర్ 18న విడిపోవాలా వద్దా అని స్కాట్లాండ్‌లో ఓటింగు పెట్టారు. ఆ నెలలో, ఓటింగుకి ముందు, అదే మనిషి వచ్చి, మందు సంచి చేతిలో పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. “నిజంగా వెళ్ళిపోరు కదా?” అని నన్ను అడిగాడు. నేను ఎవరిని చెప్పడానికి? కానీ ఎవరో ఒకరు ‘వెళ్ళరులే’ అంటే బావుండునని అతని మొహంలో తెలిసిపోయింది.

ఇంగ్లండ్ మొత్తాన్ని తీసుకున్నా దాదాపు ఇలాగే ఉండేది. బ్రిటిష్ సోషల్ ఆటిట్యూడ్స్ అనే సర్వేలో ఈ ప్రశ్న ఏళ్ళ తరబడి అడిగారు. ఓటింగుకి ముందటి ఏడాది, 2013లో, స్కాట్లాండ్ విడిపోవాలన్న ఇంగ్లండ్ వాళ్ళు సుమారు ఐదుగురిలో ఒకరే. మిగతావాళ్ళలో ఎక్కువమంది కలిసి ఉండాలన్నారు. కానీ అదే ఇంగ్లండ్‌లో, స్కాట్లాండ్‌కి డబ్బు ఎక్కువ పోతోందనేవాళ్ళు చాలామంది. డబ్బు పంపకానికి 1970ల చివర్లో వచ్చిన బార్నెట్ ఫార్ములా ఒకటుంది. తలసరి ప్రభుత్వ ఖర్చు ఇంగ్లండ్ కంటే స్కాట్లాండ్‌లో ఎక్కువన్నది నిజమే. అయితే అక్కడ కొండలు, దీవులు, దూరదూరంగా పల్లెలు ఉన్నాయి, సేవలు అందించడానికి ఖర్చవుతుంది. ఈ సంగతి కౌంటర్ దగ్గర ఎవరూ మాట్లాడగా నేను వినలేదు.

ఇంకో విషయం. లండన్‌లో చాలామంది చివరి రెండు వారాల దాకా దీన్ని పట్టించుకోనే లేదు. సెప్టెంబర్ 7, ఆదివారం, యూగవ్ అనే సర్వే సంస్థ పోల్‌లో ‘విడిపోదాం’ అన్నవాళ్ళు 51 శాతం వచ్చారు. అక్కణ్ణించి అందరికీ టెన్షన్ మొదలైంది. ప్రధానమంత్రి ఇంటి మీద స్కాట్లాండ్ నీలం జెండా ఎగరేశారు. 15వ తేదీన ట్రఫాల్గర్ స్క్వేర్‌లో వేలమంది చేరి ‘మాతోనే ఉండండి’ అన్నారు. ఆ ప్రేమ నిజమైనదే అని నమ్ముతాను. కానీ అంత ఆలస్యంగా చెప్పినందుకు స్కాట్లాండ్‌లో చాలామంది మనసు నొచ్చుకుంది, అదీ నాకు తెలుసు. 18న 55.3 శాతం ‘వద్దు’, 44.7 శాతం ‘కావాలి’ అన్నారు. మర్నాడు పొద్దున్నే ప్రధాని డేవిడ్ కామెరాన్ బయటికొచ్చి, ఇక ఇంగ్లండ్ చట్టాల మీద ఇంగ్లండ్ ఎంపీల మాటే చెల్లాలన్న విషయం ఎత్తారు. ఉండమని బతిమాలి ఒక్క రాత్రి కూడా గడవలేదు. అది తొందరపాటని నాకు అప్పుడే అనిపించింది, ఇప్పటికీ అదే అభిప్రాయం.

బ్రెగ్జిట్ తర్వాత ఇంగ్లండ్‌లో మాట మారింది. 2016లో స్కాట్లాండ్ 62 శాతం ఐరోపా యూనియన్‌లోనే ఉందామంది, ఇంగ్లండ్ బయటికి పోదామంది. 2019లో యూగవ్ కన్సర్వేటివ్ పార్టీ సభ్యులను ‘స్కాట్లాండ్ విడిపోయినా సరే, బ్రెగ్జిట్ జరగాలా’ అని అడిగితే 63 శాతం ‘జరగాలి’ అన్నారు. ఆ పార్టీ పూర్తి పేరులోనే ‘యూనియనిస్ట్’ అన్న మాట ఉంది. ఆ వార్త చదివినరోజు నాకు నిజంగా బాధేసింది. స్కాట్లాండ్ మీద ద్వేషంతో అన్నారని నేను అనుకోను. వాళ్ళ మనసంతా వేరేచోట ఉంది. నేను గమనించింది ఇదే: పొరుగువాళ్ళను స్కాట్లాండ్ గురించి అడిగితే తమ ఇంట్లో తమకేం తక్కువైందో చెబుతారు.

ఉత్తర ఇంగ్లండ్‌నే చూడండి. స్కాట్లాండ్ విమాన టాక్సు తగ్గిస్తే తన ప్రయాణికులు అటు పోతారని న్యూకాసిల్ ఎయిర్‌పోర్టుకి అప్పట్లో దిగులుగా ఉండేది. అదే ప్రాంతంలో ‘లండన్ మనల్ని ఎప్పుడు చూసింది, స్కాట్లాండ్ వాళ్ళకైనా సొంత పార్లమెంట్ ఉంది’ అనేవాళ్ళూ ఉన్నారు. 2015 ఎన్నికల తర్వాత, ఉత్తర ఇంగ్లండ్‌ని కూడా స్కాట్లాండ్‌లో కలిపేయమని వేలమంది ఆన్‌లైన్‌లో సంతకాలు పెట్టారు. మరి 2004లో ఈశాన్య ఇంగ్లండ్‌కి ప్రాంతీయ అసెంబ్లీ ఇస్తామంటే అక్కడివాళ్ళే 78 శాతం వద్దన్నారు!

వేల్స్ దిగులు వేరు. మా షాపులో నాతో పనిచేసిన అమ్మాయిది బాంగర్. తను ఒకటే లెక్క చెప్పేది: స్కాట్లాండ్ వెళ్ళిపోతే మిగిలిన దేశంలో పదిమందిలో తొమ్మిదిమంది పైగా ఇంగ్లిష్ వాళ్ళే. “పెద్దన్నతో మేం ఒంటరిగా మిగిలిపోతాం” అనేది. వేల్స్ జాతీయ పార్టీ ప్లైడ్ కమ్రి స్కాట్లాండ్‌కి పూర్తి మద్దతు పలికింది. అప్పటి వేల్స్ ప్రభుత్వాధినేత (ఫస్ట్ మినిస్టర్), లేబర్ పార్టీకి చెందిన కార్విన్ జోన్స్ మాత్రం విడిపోయిన స్కాట్లాండ్‌తో పౌండ్ పంచుకోవడం వేల్స్‌కి మంచిది కాదన్నారు. విచిత్రమేంటంటే, స్కాట్లాండ్ ఓటింగు అయిపోయాక వచ్చిన బీబీసీ పోల్‌లో వేల్స్‌కి స్వాతంత్ర్యం కావాలన్నవాళ్ళు 3 శాతమే. తర్వాతి ఏళ్ళలో ఆ సంఖ్య బాగా పెరిగింది. స్కాట్లాండ్‌ని చూసి ముందు భయపడ్డవాళ్ళలో కొందరు, తర్వాత అదే స్కాట్లాండ్‌ని చూసి ధైర్యం తెచ్చుకున్నారు.

బ్రిటన్‌తోనే కలిసి ఉన్న ఉత్తర ఐర్లాండ్‌లో ఇది బంధుత్వాల వ్యవహారం. స్కాట్లాండ్ కింటైర్ కొసకీ ఐర్లాండ్ తీరానికీ మధ్య సముద్రం పన్నెండు మైళ్ళే. 1600ల మొదట్లో స్కాట్లాండ్ నుంచి వచ్చి ఐర్లాండ్ ఉత్తర భాగమైన అల్‌స్టర్‌లో స్థిరపడినవాళ్ళ వారసులే అక్కడి ప్రొటెస్టంట్లలో చాలామంది. ‘మేం బ్రిటిష్’ అని వాళ్ళు అన్నప్పుడు అందులో సగం అర్థం స్కాట్లాండే. అది వెళ్ళిపోతే తామెవరం? ఓటింగుకి ఐదు రోజుల ముందు బ్రిటన్‌తో కలిసి ఉండాలనే ప్రొటెస్టంట్ల సంఘం ఆరెంజ్ ఆర్డర్ వాళ్ళు వేలాదిగా ఎడిన్‌బరాలో ఊరేగింపు తీశారు, ఉత్తర ఐర్లాండ్ నుంచి ఫెర్రీ ఎక్కి వచ్చినవాళ్ళూ అందులో ఉన్నారు. ఐర్లాండ్ ఒక్కటి కావాలనేవాళ్ళకు మాత్రం స్కాట్లాండ్ విడిపోతే తమ దారి కూడా దగ్గరవుతుందన్న ఆశ.

విడిగా ఉన్న ఐర్లాండ్ దేశంలో అయితే ప్రభుత్వం నోరు మెదపలేదు, ఉత్తరాన శాంతి చెదరకూడదని. మామూలు జనంలో జాలి, ఇష్టం కలిసి ఉంటాయి. డొనెగాల్ కుటుంబాలు తరతరాలుగా స్కాట్లాండ్ బంగాళాదుంప పొలాల్లో కూలికి వెళ్ళాయి. ఐర్లాండ్‌కి విడిపోవడం అనుభవమే. 1922లో వేరయ్యాక కూడా 1979 దాకా వాళ్ళ పౌండ్ బ్రిటన్ పౌండ్‌తో సమానంగానే నడిచింది. అందుకే ‘విడిపోతే డబ్బు ఏమవుతుంది’ అన్న గాభరా వాళ్ళలో అంతగా కనిపించలేదు.

ప్రశ్న: ఇంగ్లండ్, స్కాట్లాండ్ మధ్య సరిహద్దు హేడ్రియన్ గోడేనా?

జవాబు: కాదండీ. చాలామంది అలాగే అనుకుంటారు. ఆ రోమన్ గోడ మొత్తం ఇంగ్లండ్‌లోనే ఉంది, కార్లైల్ మీదుగానే పోతుంది. అసలు సరిహద్దు దానికి ఉత్తరాన సుమారు 96 మైళ్ళ పొడవుంటుంది. తూర్పు కొసన బెరిక్ ఊరు శతాబ్దాల పాటు అటూ ఇటూ చేతులు మారి, 1482 నుంచి ఇంగ్లండ్‌లో ఉంది. వాళ్ళ ఫుట్‌బాల్ జట్టు మాత్రం ఇప్పటికీ స్కాట్లాండ్ పోటీల్లోనే ఆడుతుంది.

ప్రశ్న: అంత దగ్గరగా ఉన్నారు కదా, 2014లో మీకు ఓటు ఉండిందా? పొరుగువాళ్ళను అడగకుండా అలాంటి నిర్ణయం చేయడం న్యాయమేనా?

జవాబు: నాకు లేదు. స్కాట్లాండ్‌లో నివసించేవాళ్ళకే ఓటు. పదహారేళ్ళు నిండితే చాలు. అక్కడ నివాసముండే కామన్‌వెల్త్ దేశాల వాళ్ళకూ ఐరోపా యూనియన్ వాళ్ళకూ కూడా ఇచ్చారు. సరిహద్దుకి అటువైపు, స్కాట్లాండ్‌లోని డంఫ్రీస్ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే నా స్నేహితురాలిది కేరళ. అక్కడికి వచ్చి మూడేళ్ళే అయింది, తనకి ఓటు ఉంది. మా ఇంటి ఓనరమ్మ అదే డంఫ్రీస్‌లో పుట్టి, పెళ్ళయ్యాక కార్లైల్‌లో నలభై ఏళ్ళు కాపురం చేసింది. ఆమెకు లేదు.

న్యాయమేనా అంటే, నా ఉద్దేశంలో న్యాయమే. ఆ ఆసుపత్రులు, బళ్ళు, పన్నులు రేపు ఎలా ఉండాలన్నది అక్కడ బతికేవాళ్ళు తేల్చుకోవాల్సిందే. పుట్టుకని బట్టి ఓటిస్తే ఎక్కడ ఆపుతారు? అయినా ఓనరమ్మ బాధ అబద్ధం కాదు. ఆ వేసవిలో సరిహద్దుకి ఇటువైపు నియోజకవర్గం ఎంపీ రోరీ స్టూవర్ట్ గ్రెట్నా దగ్గర రాళ్ళ గుట్ట ఒకటి మొదలుపెట్టారు. కలిసి ఉండాలనుకునేవాళ్ళు ఎక్కణ్ణించైనా రాయి తెచ్చి, దాని మీద నాలుగు మాటలు రాసి పెట్టవచ్చు. ఓటు లేనివాళ్ళకి మనసులో మాట చెప్పుకునే చోటు అది. ఓనరమ్మ వాళ్ళమ్మ ఇంటి పెరట్లోంచి ఒక రాయి తెచ్చింది. నేనే కారులో తీసుకెళ్ళాను. రాయి మీద వాళ్ళమ్మ పేరు, ఊరి పేరు మాత్రమే రాసింది. పెట్టాక చాలాసేపు అక్కడే నిలబడింది.

సరిహద్దుని ఆనుకుని ఉన్న డంఫ్రీస్ అండ్ గాలొవే జిల్లాలో 65.7 శాతం, పక్కనున్న స్కాటిష్ బోర్డర్స్‌లో 66.6 శాతం ‘వద్దు’ అన్నారు. పెళ్ళిళ్ళు, ఉద్యోగాలు, సంత అన్నీ ఇటే కాబట్టి నాకది ఆశ్చర్యం అనిపించలేదు.

ఓటింగు అయ్యాక వచ్చిన ఆదివారం నా స్నేహితురాలు మా ఇంటికి భోజనానికి వచ్చింది. ఓనరమ్మ కింద నుంచి వచ్చి కూర్చుంది. కాసేపు ఆసుపత్రి కబుర్లు అడిగి, చివరికి నెమ్మదిగా, “నువ్వు ఎటు వేశావమ్మా?” అంది. నా స్నేహితురాలు నా వైపు చూసింది, చెప్పలేదు. ఓనరమ్మ మళ్ళీ అడగలేదు. “వేశావు కదా” అని టీ పెట్టడానికి లేచింది.