రొమ్ముల సైజు తేడాకి సర్జరీ: నేను చేయించుకున్నాను, నాకు తెలిసింది చెబుతాను

ఇరవై ఏళ్లొచ్చినా ఒక రొమ్ము రెండోదానికంటే బాగా చిన్నగా ఉందని, సర్జరీ చేయిస్తే రెండూ సమానమవుతాయా, ప్రమాదమేమైనా ఉందా అని అడిగారు. సమానానికి బాగా దగ్గరగా వస్తాయి, అచ్చుగుద్దినట్టు మాత్రం రావు. ఇది మనసుకి ఎక్కాకే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

కొద్దిపాటి తేడా చాలామంది ఆడవాళ్లకి ఉంటుంది. నాకు మాత్రం ఏ బ్రా కొన్నా ఒకవైపు బిగుతు, ఇంకోవైపు ఖాళీ. వదులు బట్టలు వేసుకోవడం, భుజాలు ముందుకి వంచి నడవడం అలవాటైపోయింది. పెళ్లయ్యాక అదే సర్దుకుంటుందన్నారు కొందరు. అలా సర్దుకోదు. క్రీములకీ మసాజులకీ కూడా లొంగదు. వ్యాయామంతో పెరిగేది కింద ఉన్న కండరమే.

ఒకటి ముందే తేల్చుకోండి. మీ తేడా ఎదిగే వయసు నుంచీ ఉందా, ఈమధ్యే మొదలైందా? కొత్తగా ఒకవైపు పెరిగినా, గడ్డ తగిలినా, చర్మం లోపలికి లాగినట్టున్నా అందం సంగతి తర్వాత, ముందు పరీక్ష, స్కానింగ్. ఛాతీ కండరం పుట్టుకతోనే కొంత లేకపోవడం (పోలండ్ సిండ్రోమ్ అంటారు), వెన్నెముక వంకర వంటివి ఉన్నా తేడా కనిపిస్తుంది. అప్పుడు సర్జరీ ప్లానే మారిపోతుంది.

ఇక పద్ధతులు. పెద్దదాన్ని తగ్గించి పైకెత్తి కుట్టడం, చిన్నదాంట్లో ఇంప్లాంట్ (సిలికాన్ తొడుగున్న మెత్తటి సంచి) పెట్టడం, లేదా పొట్ట, తొడల దగ్గరి కొవ్వు తీసి చిన్నదాంట్లోకి ఎక్కించడం. ఎక్కించిన కొవ్వులో కొంత ఒంట్లో కరిగిపోతుంది కాబట్టి మళ్లీ చేయాల్సి రావచ్చు. కొందరికి రెండువైపులా ఏదో ఒకటి చేస్తారు.

నేను పెద్దదాన్ని తగ్గించుకోవడానికే మొగ్గాను. ఇంప్లాంట్ జీవితాంతం ఉండే వస్తువు కాదు. చుట్టూ కణజాలం గట్టిపడొచ్చు, లోపల చిరిగినా బయటికి తెలియకపోవచ్చు, అందుకే మధ్యమధ్యలో స్కాన్లు, ఎప్పుడో ఒకప్పుడు మార్పిడి తప్పవు. ఇంకో సంగతి చాలామందికి తట్టదు: బరువు పెరిగినా, గర్భం వచ్చినా, వయసు మీదపడినా మామూలు రొమ్ము మారుతుంది, ఇంప్లాంట్ ఉన్నది దాంతోపాటు అలాగే మారదు. ఒకవైపే పెట్టించుకుంటే ఏళ్లు గడిచేకొద్దీ తేడా మళ్లీ బయటపడొచ్చు. అలాగని చిన్న రొమ్ము మరీ చిన్నదైతే ఇంప్లాంటే నప్పుతుంది, దాన్ని తప్పుపట్టను.

తగ్గించుకోవడంలోనూ నష్టముంది. చనుమొన చుట్టూ, అక్కడి నుంచి కిందికి మచ్చ పడుతుంది. కొందరికి కింది మడతలో కూడా. స్పర్శ తగ్గొచ్చు, పాలు పడటం తగ్గొచ్చు. పిల్లలకి పాలివ్వాలన్న కోరిక ఉంటే మొహమాటపడకుండా సర్జన్‌తో మొదటి రోజే చెప్పండి, కోత పెట్టే తీరు దాన్నిబట్టి ఉంటుంది. ఎదుగుదల పూర్తిగా ఆగి, బరువు నిలకడగా ఉన్నాకే చేయించుకోవాలి. పొగతాగే అలవాటుంటే కనీసం 4 వారాల ముందే మానాలి, లేకపోతే గాయం సరిగా మానదు.

ఆపరేషన్ పూర్తి మత్తులో చేశారు. నొప్పి నేను భయపడినంత లేదు, తల దువ్వుకోవడానికి చెయ్యెత్తడమే కష్టమైంది. వాపు వల్ల మొదట్లో ఆపరేషన్ చేసినవైపు మరీ పైకి, బిగుతుగా కనిపించి ఏడుపొచ్చింది. నెలలు గడిచేకొద్దీ కిందికి దిగి కుదురుకుంది. అందుకే మొదటి వారాల్లో అద్దం చూసి ఏ నిర్ణయానికీ రాకండి. మచ్చ ఎరుపు తగ్గడానికి ఏడాదికి పైగా కూడా పట్టొచ్చు.

సర్జన్‌ని కలిసినప్పుడు మీలాంటి తేడాకే చేసిన కేసుల ఫొటోలు, ఏడాది తర్వాత తీసినవి, చూపించమనండి. తేడా మిగిలితే మళ్లీ సరిచేస్తారా, ఆ ఖర్చు ఎవరిదో కూడా ముందే అడగండి. ఇంకా తేల్చుకోలేకపోతే ఒకవైపు బ్రాలో పెట్టుకునే సిలికాన్ ప్యాడ్ కొన్నాళ్లు వాడి చూడండి. దాంతోనే మనసు కుదుటపడి ఆగిపోయేవాళ్లూ ఉన్నారు.